గాలిమర ఎక్కడ నిలబెట్టాలి? పవన విద్యుత్, పక్షులు, గబ్బిలాలు

[తెర మీద: కొండ అంచు వెంట వరుసగా టర్బైన్లు. వాటి పైన రెక్కలు చాచి తేలుతున్న గద్ద.]

నమస్కారం. గాలి వచ్చి కొండకు తగిలితే పైకి లేస్తుంది. శిఖరం దాటేటప్పుడు వేగం పుంజుకుంటుంది. టర్బైన్ పెట్టేవాళ్లకు కావలసింది సరిగ్గా ఆ గాలే. ఎందుకంటే గాలి వేగం రెండింతలైతే అందులోని శక్తి ఎనిమిదింతలవుతుంది. సెకనుకు ఒక్క మీటరు తేడా వచ్చినా ప్రాజెక్టు లెక్కలు తారుమారవుతాయి.

గద్దలకు, రాబందులకు కావలసిందీ ఆ గాలే. పైకి లేచే గాలి ఉంటే రెక్క ఆడించే పని లేకుండా అవి గంటల తరబడి తేలగలవు. అంటే ఇంజనీరు కన్ను, గద్ద కన్ను ఒకే చోట పడతాయి. ఈ వీడియో అంతా ఆ చోటు గురించే.

ముందే ఒక మాట చెప్పాలి. పవన విద్యుత్ మనకు కావాలి. బొగ్గు మండించడం తగ్గకపోతే వేడెక్కే వాతావరణం దెబ్బ ఈ పక్షులకూ తగులుతుంది. కాబట్టి టర్బైన్లు వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. స్థలం తప్పుగా ఎంచుకుంటే తర్వాత ఎంత ఖర్చు పెట్టినా పూర్తిగా సరిదిద్దలేం. నా బాధ అది.

[తెర మీద: గడ్డి కొండలు, గుంపులుగా పాతకాలపు చిన్న టర్బైన్లు.]

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆల్టమాంట్ పాస్ అనే కనుమ ఉంది. 1980ల్లో అక్కడ వేల సంఖ్యలో చిన్న టర్బైన్లు వెలిశాయి. గాలి ఎంత ఉందో కొలిచారు కానీ, ఆ గాలిలో ఎవరు తిరుగుతున్నారో చూడలేదు. ఆ గడ్డి కొండల నిండా నేల ఉడుతలు. వాటి కోసం గోల్డెన్ ఈగిల్స్ అనే పెద్ద గద్దలు, ఎర్రతోక గద్దలు వస్తాయి. వేటాడే గద్ద చూపు కింద నేల మీద ఉంటుంది, ఎదురుగా ఉన్న టర్బైన్ రెక్క మీద ఉండదు. 2004లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం అక్కడ ఏటా సుమారు 880 నుంచి 1,300 వేటపక్షులు చనిపోయేవి. తర్వాత పాతవి తీసేసి, తక్కువ సంఖ్యలో పెద్ద టర్బైన్లు పెట్టారు. కొండల మధ్య పల్లంగా ఉండే చోట్లు, అంటే గద్దలు ఎక్కువగా దాటే దారులు, వదిలేయాలని నిపుణులు సూచించారు. అయినా గోల్డెన్ ఈగిల్స్ చావులు ఆగలేదు.

ఇక్కడ చాలామంది ఒక ప్రశ్న వేస్తారు: పిల్లులు అంతకంటే ఎన్నో రెట్లు పక్షులను చంపుతున్నాయి కదా అని. నిజమే. 2013 నాటి అంచనాల ప్రకారం అమెరికాలో పిల్లులు ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షులను చంపుతాయి. టర్బైన్లకు బలయ్యేవి 1.4 లక్షల నుంచి 3.28 లక్షలు. సంఖ్యలు పక్కపక్కన పెడితే పోలికే లేదు. కానీ ఏ పక్షి అన్నది కూడా చూడాలి. పిల్లి గోల్డెన్ ఈగిల్‌ను చంపదు. ఆ పక్షి గుడ్లు పెట్టే వయసుకు రావడానికే ఐదేళ్లు పడుతుంది, ఆ తర్వాత కూడా ఏడాదికి ఒకటో రెండో పిల్లలు. పిచ్చుకల్లాంటివి వంద చనిపోతే మరుసటి ఏడు ఆ లోటు పూడవచ్చు. పెద్ద గద్దలు పది పోతే ఆ ప్రాంతంలో ఆ జాతి కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

[తెర మీద: రాత్రి. నెమ్మదిగా తిరుగుతున్న రెక్కలు. గబ్బిలాల నీడలు.]

గబ్బిలాలదీ ఇదే పరిస్థితి. చాలా జాతులు ఏటా ఒక్క పిల్లనే కంటాయి. ఉత్తర అమెరికాలో హోరీ బ్యాట్ అనే వలస గబ్బిలం ఉంది. టర్బైన్ల దగ్గర చావులు ఇలాగే సాగితే 50 ఏళ్లలో దాని సంఖ్య 90 శాతం దాకా పడిపోయే ప్రమాదం ఉందని 2017లో శాస్త్రవేత్తలు హెచ్చరించారు.

కానీ గబ్బిలాల విషయంలో పరిష్కారం చేతికందే దూరంలోనే ఉంది. అవి ఎక్కువగా ఎగిరేది గాలి మెల్లగా వీచే రాత్రుల్లో, అందులోనూ వేసవి చివరి నుంచి శరదృతువు దాకా. ఆ గాలికి టర్బైన్ తయారుచేసే కరెంటు అంతంత మాత్రమే. మామూలుగా గాలి సెకనుకు 3, 4 మీటర్లు దాటగానే టర్బైన్ కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది. ఆ హద్దును ఆ కొన్ని నెలల రాత్రుల్లో 5 మీటర్లకో, 6.5 మీటర్లకో పెంచి, అప్పటిదాకా రెక్కలు దాదాపు కదలకుండా ఉంచితే చాలు. పెన్సిల్వేనియాలో ఇలా చేసి చూస్తే గబ్బిలాల చావులు 44 నుంచి 93 శాతం దాకా తగ్గాయి. ఏడాది మొత్తం మీద పోయే కరెంటు ఒక శాతం లోపే. ఇంత తక్కువ నష్టంతో ఇన్ని ప్రాణాలు దక్కుతున్నప్పుడు ఈ పద్ధతి అనుమతి పత్రంలో తప్పనిసరి షరతుగా ఉండాలి.

స్పెయిన్‌లోని కాదిజ్ ప్రాంతంలో మరో దారి పట్టారు. గ్రిఫన్ రాబందులు దగ్గరికి వస్తుంటే కాపలా ఉన్నవాళ్లు చూసి ఆ టర్బైన్ ఒక్కటి ఆపిస్తారు. మొదటి రెండేళ్లలోనే చావులు సగానికి తగ్గాయి. పోయిన కరెంటు 0.07 శాతం. నార్వేలోని స్మోలా దీవిలో నాలుగు టర్బైన్లకు మూడు రెక్కల్లో ఒకదానికి నల్ల రంగు వేశారు. రెక్క చివర గంటకు 250 కిలోమీటర్లు దాటి తిరుగుతుంటే పక్షి కంటికి అంతా అలికినట్టు కనిపిస్తుంది. నలుపు రెక్క ఒకటుంటే ఆ మసక తగ్గుతుంది. అక్కడ చావులు 70 శాతానికి పైగా తగ్గాయి. ఇది ఆశ కలిగించే ఫలితమే కానీ, నాలుగు టర్బైన్ల అనుభవాన్ని అన్ని చోట్లకూ వర్తింపజేయకూడదు.

[తెర మీద: ఎడారి మైదానం మీదుగా హైటెన్షన్ తీగలు.]

ప్రాజెక్టు అంటే టర్బైన్లు ఒక్కటే కాదు. వాటికి దారులు వేయాలి, సబ్‌స్టేషన్ కట్టాలి, కరెంటు లైన్లు లాగాలి. రాజస్థాన్‌లో బట్టమేక పక్షికి పెద్ద గండం ఆ తీగలే. దాని కళ్లు తలకు పక్కలుగా ఉంటాయి, ఎదురుగా ఉన్నది సరిగా కనిపించదు. ఒళ్లు బరువు. తీగ దగ్గరయ్యాక కనిపించినా పక్కకు తిప్పుకోలేదు. ప్రపంచంలో మిగిలినవి 200 లోపే. 2021లో సుప్రీంకోర్టు ఆ పక్షి తిరిగే చోట్ల తీగలను భూమిలో వేయమని ఆదేశించింది. అన్నిచోట్లా అది సాధ్యం కాదన్న వాదన వచ్చాక 2024లో ఆ ఆదేశాన్ని సవరించి, తేల్చే పని ఒక నిపుణుల కమిటీకి అప్పగించింది. లైన్ ఏ దారిన పోవాలో మొదటి రోజే ఆలోచించి ఉంటే ఈ పోరాటంలో చాలా భాగం తప్పేది.

కొన్ని నష్టాలు శవాల లెక్కలో దొరకవు. మహారాష్ట్రలో సతారా దగ్గర చాల్కేవాడి పీఠభూమి మీద చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. టర్బైన్లున్న చోట వేటపక్షులు నాలుగో వంతే కనిపించాయి. వేటాడేవాళ్లు తగ్గేసరికి తొండలు పెరిగాయి. అవి మనుషుల్ని చూసి పారిపోవడం కూడా తగ్గింది. రెక్క తగిలి చావకపోయినా, పక్షి ఆ చోటు వదిలిపోతే కింద ఉన్న జీవుల బతుకంతా మారిపోతుందన్నమాట. సముద్రంలో పెట్టే టర్బైన్లకు శబ్దం ఒక సమస్య. పునాది స్తంభాలు దిగగొట్టే చప్పుడుకు డాల్ఫిన్లను పోలిన హార్బర్ పోర్పాయిస్‌లు కిలోమీటర్ల దూరం పారిపోతాయి. అందుకే స్తంభం చుట్టూ గాలి బుడగల తెర వదిలి చప్పుడు తగ్గిస్తారు.

[తెర మీద: మ్యాప్. ఎర్ర, పసుపు, ఆకుపచ్చ రంగులు ఒక్కొక్కటిగా నిండుతాయి.]

మరి స్థలం ఎలా ఎంచుకోవాలి? ముందు పెద్ద మ్యాప్ వేయాలి. వలస దారులు, గూళ్లు, గబ్బిలాల గుహలు, చిత్తడి నేలలు, చెదరని పచ్చిక బయళ్లు ఎరుపులో గుర్తించి పక్కన పెట్టాలి. ఇప్పటికే దున్నిన పొలాలు, తవ్వి వదిలేసిన గనులు, దారులూ తీగలూ ఉన్న చోట్లను ముందు పరిశీలించాలి. భూమి కొన్నాక, అప్పులు తెచ్చాక చేసే సర్వేకి బలం ఉండదు. అప్పటికి కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు.

తర్వాత క్షేత్ర సర్వే. ఏడాదికి తక్కువ కాకుండా, అన్ని కాలాల్లో చేయాలి. వలస పక్షులు వెళ్లిపోయాక రెండు వారాలు తిరిగి "ఏమీ లేవు" అని రాసే నివేదికకు విలువ లేదు. టర్బైన్లు పెట్టాక శవాలు వెతకడంలోనూ ఇలాంటి మెలికే ఉంది. నక్కలు, కాకులు కొన్నిటిని ఎత్తుకుపోతాయి. గడ్డిలో కొన్ని మన కంటికి కనపడవు. బ్రిటన్‌లో పరీక్షించి చూస్తే గబ్బిలాల శవాల్లో శిక్షణ పొందిన కుక్కలు 73 శాతం కనిపెట్టాయి, మనుషులు 20 శాతమే. ఇలా దొరకకుండా పోయినవాటిని కూడా అంచనా వేసి లెక్కలో కలపకుండా "మూడే దొరికాయి" అంటే మూడే చచ్చాయని కాదు.

మీ ప్రాంతంలో ఇలాంటి ప్రాజెక్టు మీద ప్రజల అభిప్రాయం అడిగితే వెళ్లండి. సర్వే ఏ నెలల్లో జరిగిందో అడగండి. రాత్రిపూట గబ్బిలాలను ఎవరైనా లెక్కపెట్టారా అని అడగండి. టర్బైన్ల మ్యాప్ పక్కన కరెంటు లైన్ల మ్యాప్ కూడా పెట్టమనండి. శవాల లెక్కలు ఏటా అందరికీ చూపించాలని, చావులు ఇంత దాటితే ఫలానా టర్బైన్ ఫలానా వేళల్లో ఆపాలని అనుమతి పత్రంలోనే రాయించమని పట్టుబట్టండి.