ధరల పోటీలో ఎదుటివాళ్ల లెక్క

వ్యాఖ్యాత: నమస్కారం. ఒకే సరుకు అమ్మే రెండు కంపెనీలు ఉన్నాయి. ధర తగ్గించాలా, నిలబెట్టాలా అన్నది ఒకరికి తెలియకుండా ఒకరు తేల్చుకోవాలి. ఇలాంటి చిన్న ఆటను కాగితం మీద సాధించడం ఎలాగో ఇవాళ మాట్లాడుకుందాం. ఎదుటివాళ్ల ఎత్తుగడను లెక్కేసుకుని నిర్ణయం తీసుకోవడం గురించి చెప్పే శాస్త్రం, అంటే గేమ్ థియరీ బోధించే ప్రొఫెసర్ గారు, ధరల విషయంలో కంపెనీలకు సలహాలిచ్చే కన్సల్టెంట్ గారు స్టూడియోలో ఉన్నారు. మేడమ్, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రొఫెసర్: నాలుగు గళ్ల పట్టికతో. కంపెనీలను "క", "గ" అందాం. ఇద్దరూ ధర నిలబెడితే చెరో 10 లాభం. ఒక్కరే తగ్గిస్తే తగ్గించినవాళ్లకు 14, నిలబెట్టినవాళ్లకు 3. ఇద్దరూ తగ్గిస్తే చెరో 6. మీరు "క" తరఫున ఆలోచించండి. "గ" ధర నిలబెడుతుందనుకుంటే మీరేం చేస్తారు?

వ్యాఖ్యాత: 10 కన్నా 14 మేలు కదా, తగ్గిస్తాను.

ప్రొఫెసర్: "గ" తగ్గిస్తుందనుకుంటే?

వ్యాఖ్యాత: 3 కన్నా 6 నయం. అప్పుడూ తగ్గిస్తాను.

ప్రొఫెసర్: అంటే ఎదుటివాళ్లు ఏం చేసినా మీ జవాబు ఒకటే. దాన్ని ఆధిపత్య వ్యూహం అంటారు. "గ"వీ అవే అంకెలు కాబట్టి అదీ తగ్గిస్తుంది. ఆట 6, 6 గడిలో ఆగుతుంది. అక్కడి నుంచి ఏ ఒక్కరు కదిలినా వాళ్లకే నష్టం. గణితవేత్త జాన్ నాష్ 1950లో చెప్పిన సమతౌల్యం ఇదే.

కన్సల్టెంట్: మేడమ్, నాకో అభ్యంతరం. 10, 10 కళ్లెదుటే ఉంది. బుద్ధి ఉన్న కంపెనీలు 6 దగ్గర ఎందుకు ఆగుతాయి?

ప్రొఫెసర్: విద్యార్థులు తడబడేది సరిగ్గా ఇక్కడే. ఇద్దరికీ ఏది మంచిదో వెతికి, ఆ గడి చుట్టూ సున్నా చుట్టేస్తారు. చూడాల్సింది అది కాదు. ఆ గడిలో ఉన్నవాళ్లకు కదలాలనిపిస్తుందా అన్నది చూడాలి. 10 దగ్గర ఉన్నవాళ్లకు 14 కనిపిస్తూనే ఉంటుంది.

కన్సల్టెంట్: కానీ మార్కెట్లో ధరలు నెలల తరబడి కదలకపోవడం నేను చూస్తూనే ఉంటాను.

ప్రొఫెసర్: అక్కడ ఆట ఒక్కసారితో అయిపోదు, నెలనెలా సాగుతుంది. ఈ నెల తగ్గిస్తే అదనంగా 4 వస్తుంది. దానికి జవాబుగా ఎదుటివాళ్లు ధర దించి ఇక పెంచకపోతే, వచ్చే నెల నుంచి 10 పోయి 6 మిగులుతుంది. ఒక్కసారి వచ్చే 4 కోసం ప్రతి నెలా 4 పోగొట్టుకున్నట్టు. ఆట తర్వాతి నెలకూ సాగే అవకాశం ప్రతిసారీ సగానికి మించి ఉంటే ధర నిలబెట్టడమే లాభం.

వ్యాఖ్యాత: ఆఖరి నెల ఏదో ముందే తెలిస్తే?

ప్రొఫెసర్: ఆ నెల తర్వాత భయపడాల్సిందేమీ ఉండదు, ఇద్దరూ తగ్గిస్తారు. అది ఖాయమైనప్పుడు దాని ముందు నెలలో నిలబెట్టి ఏం లాభం? ఇలా వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే మొదటి నెలలోనే తగ్గించేస్తారు.

కన్సల్టెంట్: ఒక్క మాట. పోటీ కంపెనీలు కలిసి కూర్చుని ధర ఖాయం చేసుకోవడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. ఈ లెక్క ఎవరికి వారు వేసుకోవాల్సిందే.

వ్యాఖ్యాత: కంపెనీలు రెండూ సమానం కాకపోతే?

ప్రొఫెసర్: పెద్ద కంపెనీ, చిన్న కంపెనీ ప్రకటనల మీద పోటీ పడుతున్నాయనుకోండి. ఇద్దరూ ఇస్తే పెద్దదానికి 12, చిన్నదానికి 4. పెద్దదే ఇస్తే 15, 5. చిన్నదే ఇస్తే 9, 7. ఎవరూ ఇవ్వకపోతే 11, 6. పెద్దదానికి ఎప్పుడూ ప్రకటనే మేలు. చిన్నదానికి అలా ఒకే జవాబు లేదు, పెద్దది ఏం చేస్తుందన్న దాన్ని బట్టి మారుతుంది.

కన్సల్టెంట్: చిన్న కంపెనీలవాళ్లు తమ అంకెలే పట్టుకొస్తారు, ఎదుటివాళ్ల గళ్లు ఖాళీగా వదిలేస్తారు. సగం పట్టికతో ఆట తేలదు. 7 వస్తుందన్న ఆశతో ప్రకటనలిస్తే 4 చేతికొస్తుంది. పెద్ద కంపెనీ అంకెలు చూస్తే అది ప్రకటన ఇవ్వడం ఖాయమని తెలిసిపోతుంది. ఊరుకుంటే 5 దక్కుతుంది.

వ్యాఖ్యాత: మరి "మా మార్కెట్లోకి వస్తే ధరలు పడగొడతాం" లాంటి బెదిరింపుల సంగతి?

ప్రొఫెసర్: ఒకరి తర్వాత ఒకరు ఆడే ఆటను చివరి నుంచి విప్పాలి. కొత్త కంపెనీ రాకపోతే పాతదానికి 10. వచ్చాక సర్దుకుపోతే పాతదానికి 6, కొత్తదానికి 4. ధరల యుద్ధం చేస్తే పాతదానికి 2, కొత్తదానికి 3 నష్టం. వచ్చేశాక 6 వదులుకుని 2 ఎవరు తీసుకుంటారు? బెదిరింపు ఉత్తిదే, కొత్తది వచ్చేస్తుంది. ఇలాంటి ఉత్తుత్తి బెదిరింపులను జవాబులోంచి ఏరివేసే పద్ధతి ఆర్థికవేత్త రైన్‌హార్డ్ సెల్టెన్‌ది. 1994లో నాష్‌తో, మరో ఆర్థికవేత్త జాన్ హర్సాన్యీతో కలిసి ఆయన ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు.

కన్సల్టెంట్: అందుకే కొందరు ముందుగానే అవసరానికి మించిన ఫ్యాక్టరీ కట్టేస్తారు.

ప్రొఫెసర్: అవును, దాంతో అంకెలే మారిపోతాయి. ఫ్యాక్టరీ కట్టాక, దాని ఖర్చు 2 పోను, పాతదానికి యుద్ధంలో 5, సర్దుకుపోతే 4 వస్తాయనుకుందాం. ఇప్పుడు యుద్ధమే మేలు. అది కొత్త కంపెనీకీ తెలుసు కాబట్టి రాదు. 10లో ఫ్యాక్టరీకి 2 పోయినా పాతదానికి 8 మిగులుతుంది. కట్టకపోతే వచ్చేది 6.

వ్యాఖ్యాత: ఆ ఫ్యాక్టరీ సంగతి కొత్త కంపెనీకి తెలియకపోతే?

ప్రొఫెసర్: పాత అంకెలతోనే లెక్కేసుకుని లోపలికి వస్తుంది. యుద్ధం నిజంగానే జరుగుతుంది. పాతదానికి 8 రావాల్సిన చోట 5, కొత్తదానికి 3 నష్టం. కాబట్టి ఆ ఫ్యాక్టరీని గుట్టుగా కట్టకూడదు, పునాది వేసిన రోజే అందరికీ చెప్పాలి.