కుందేలు చెప్పుకోని బాధ

సభకు నమస్కారం.

కుందేలును చూసి ముచ్చటపడనివారు అరుదు. అయితే మన ముచ్చట చాలావరకు దాని మెత్తని బొచ్చు దగ్గర, పొడవాటి చెవుల దగ్గర ఆగిపోతుంది. కుందేలు తరతరాలుగా వేటజంతువుల బారిన పడుతూ, వాటి నుంచి తప్పించుకుంటూ బతికిన ప్రాణి. దాని చూపు, ఎముకలు, అలవాట్లు, చివరికి జబ్బును దాచుకునే గుణం కూడా ఆ బతుకుకు తగినట్టే ఏర్పడ్డాయి. నక్కకు, గద్దకు ముందుగా చిక్కేది నీరసంగా కనిపించే జంతువే కాబట్టి, నొప్పి ఉన్నా అది సాధారణంగా అరవదు, మూలగదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే దాని సంరక్షణలో మిగిలినవన్నీ అర్థమవుతాయని నా నమ్మకం.

మొదట చూపు సంగతి చెబుతాను. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల కుందేలుకు తన చుట్టూ దాదాపు పూర్తి వలయం కనిపిస్తుంది. సరిగ్గా ముక్కు ముందున్న కాస్త చోటు మాత్రం కనిపించదు. మనం ప్రేమతో చేయి చాపేది సాధారణంగా అక్కడికే. ఇక పైనుంచి వంగి ఎత్తుకోవడం దానికి గద్ద తన్నుకుపోవడంలాగే ఉంటుంది. భయపడి వెనుక కాళ్ళతో గట్టిగా తన్నుకుంటే, బలమైన ఆ కండరాల తాకిడికి తేలికైన వెన్నెముక విరిగిపోయే ప్రమాదం ఉంది. ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు అది కదలకుండా ఉండిపోతే హాయిగా నిద్రపోయిందని చాలామంది మురిసిపోతారు. నిజానికి అది శత్రువుకు చిక్కిన జంతువు భయంతో బిగుసుకుపోయే స్థితి. దయచేసి సరదాకైనా అలా చేయకండి. నేల మీద కూర్చోండి, దాని అంతట అది దగ్గరకు వచ్చేదాకా ఆగండి.

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పవలసింది తిండి గురించి. కుందేలుకు 28 పళ్ళుంటాయి, అవన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని గంటల తరబడి నమిలితేనే అవి అరుగుతాయి, లేకపోతే వంకరగా పెరిగి బుగ్గను, నాలుకను కోస్తాయి. పేగులు కదలడానికి కూడా ఆ గడ్డిలోని పీచే ఆధారం. అందుకే దాని ఆహారంలో ఎండుగడ్డి సింహభాగం కావాలి, అది రాత్రింబగళ్ళు అందుబాటులో ఉండాలి. తాజా ఆకులు, కొద్దిగా గుళికల మేత ఆ తర్వాతివి. బొమ్మల్లో ఎప్పుడూ దాని చేతిలో కనిపించే క్యారెట్‌లో చక్కెర ఎక్కువ కనుక చిన్న ముక్కతో సరిపెట్టాలి. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. గట్టి గుండ్రనివి విసర్జన. మెత్తనివి అంధపేగులో, అంటే పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలాంటి భాగంలో, సూక్ష్మజీవులు తయారుచేసిన పోషకాల ముద్దలు. వాటిని అది నేరుగా నోటితో అందుకుని తినడం చూసి అసహ్యించుకోకూడదు, ఆపకూడదు. అది దాని జీర్ణక్రియలో భాగం.

కుందేలు వాంతి చేసుకోలేదు. పేగుల కదలిక మందగించిందంటే లోపల వాయువు చేరి, నొప్పితో మేత మానేస్తుంది. మేత మానేసినకొద్దీ పేగులు మరింత మొరాయిస్తాయి. నోరు విప్పి చెప్పని ఈ ప్రాణి విషయంలో మనకు దొరికే సాక్ష్యం పెంటికలే. అవి చిన్నవైనా, తగ్గినా, 10-12 గంటల పాటు తిండి ముట్టకపోయినా, మర్నాటిదాకా చూద్దామనుకోకుండా వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి. కుందేళ్ళ వైద్యం తెలిసిన పశువైద్యుని ముందే వెతికిపెట్టుకుని, ఆ తర్వాతే కుందేలును తెచ్చుకోవడం మంచిది. కుక్కలకు, పిల్లులకు మామూలుగా ఇచ్చే కొన్ని మందులు దీనికి ప్రాణాంతకం. నోటి ద్వారా ఇచ్చే పెనిసిలిన్ రకం మందులు దాని పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులను దెబ్బతీస్తాయి.

వసతి సంగతి క్లుప్తంగా చెబుతాను. పాదాల అడుగున దానికి మెత్తలుండవు, బొచ్చే ఉంటుంది కనుక తీగల అడుగున్న బోనులో పాదాలు పుండ్లు పడతాయి. చెవుల ద్వారా తప్ప వేడిని వదిలించుకునే దారి దానికి అంతగా లేదు. 30 డిగ్రీలు దాటిన గది ప్రమాదమే. కరెంటు తీగలను కొరుకుతుంది, వాటిని అందకుండా పెట్టాలి.

భయం లేనిచోట కుందేలు ఎలా ఉంటుందో చూడటం ఒక భాగ్యం. పరుగెత్తుతూ పరుగెత్తుతూ ఒక్కసారిగా గాల్లోకి లేచి నడుము మెలితిప్పుతుంది, చుబుకంతో సామాన్లను రుద్ది తన వాసన అంటిస్తుంది, నిమిరితే పళ్ళను మెల్లగా ఆడిస్తుంది. అదే పళ్ళను గట్టిగా కొరుకుతుంటే నొప్పి అని గ్రహించాలి. ఇది గుంపులో బతికే జీవి, దానికి తోడు కావాలి. అయితే జంటను కలిపే ముందు రెండింటికీ పిల్లలు కలగకుండా శస్త్రచికిత్స చేయించాలి. గర్భం నెల రోజులే, ఈనిన వెంటనే ఆడది మళ్ళీ చూలు కట్టగలదు. పైగా శస్త్రచికిత్స జరగని ఆడకుందేళ్ళలో వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ ఎక్కువగా వస్తుంది.

బాగా చూసుకుంటే కుందేలు 8 నుంచి 12 ఏళ్ళు బతుకుతుంది. పిల్లవాడి పుట్టినరోజుకు కొన్నది ఆ పిల్లవాడు చదువు కోసం ఇల్లు విడిచేనాటికీ ఉండవచ్చు, కాబట్టి దాని బాధ్యత మొదటినుంచీ పెద్దలదే. సాకలేనప్పుడు పొదల్లో వదిలేయడం దయ అనిపించుకోదు. ఇంట్లో పెరిగినది బయట కొద్ది రోజుల్లోనే కుక్కలకో గద్దలకో బలవుతుంది. ఒకవేళ బతికి నిలదొక్కుకుంటే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూపించింది: 1859లో విక్టోరియాలో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదాకు వదిలిన కొద్దిపాటి కుందేళ్ళ సంతతి ఖండంలో చాలా భాగానికి వ్యాపించి పచ్చదనాన్ని తినేసింది. సాకలేని పరిస్థితి వస్తే సమర్థులైన మరొకరికి అప్పగించి, అది ఏం తింటుందో, దేనికి బెదురుతుందో, ఇంతవరకు ఏ జబ్బులు చేశాయో రాసి ఇవ్వండి.