నోట్సులో పేజీ నంబరు ఉందా? నెల్లూరు స్టూడియోలో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. పరిశోధన చేసేవాళ్లకి నోట్సు సాఫ్ట్‌వేర్లు ఏమాత్రం పనికొస్తాయో ఈరోజు మాట్లాడుకుందాం. మేడమ్, పిల్లలు ఎక్కడ తడబడుతున్నారు?

చరిత్ర అధ్యాపకురాలు: ఎత్తి రాసుకునే దగ్గరేనండీ. మన దూబగుంట సారా ఉద్యమమే తీసుకోండి. సారా నిషేధం 1993లో, సంపూర్ణ మద్య నిషేధం 1995లో. ఒక వ్యాసంలో ఒకటి, ఇంకో పుస్తకంలో ఇంకొకటి చూసి ఒకే ఫైల్లో పేస్టు చేస్తారు. ఆర్నెల్ల తర్వాత తెరిస్తే ఏ సంవత్సరం దేనిదో, ఏ వాక్యం ఎవరిదో తెలీదు. తాము రాసుకున్న వాక్యమేదో కూడా గుర్తుండదు. కాపీ అనే నింద అక్కడ మొదలవుతుంది.

పరిశోధక విద్యార్థి: అందుకే నేను జొటెరో అనే నోట్సు సాఫ్ట్‌వేర్ వాడతాను మేడమ్. 2006లో అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో పుట్టింది, ఉచితం. పీడీఎఫ్ అందులోనే తెరిచి కావాల్సిన వాక్యానికి రంగు పూస్తాను. అది పేజీ నంబరుతో సహా నోట్సులోకి వస్తుంది. నంబరు నొక్కితే ఆ పేజీ మళ్లీ తెరుచుకుంటుంది.

వ్యాఖ్యాత: తెలుగు పుస్తకాలకి కూడానా?

విద్యార్థి: అక్కడే చిక్కు సార్. ‘అను’ అనే పాత, యూనికోడ్ కాని ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. పాత పేపరు స్కానయితే అది ఉత్త ఫొటో. అలాంటప్పుడు కావాల్సిన వార్త చుట్టూ గడి గీసి, బొమ్మగానే నోట్సులోకి లాక్కుంటాను. కింద నా మాటల్లో రెండు ముక్కలు టైపు చేస్తాను.

అధ్యాపకురాలు: ఆ రెండు ముక్కలే అసలు నోట్సు! స్కాన్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మారుతుంది కూడా. ఒత్తులూ అంకెలూ మాత్రం అసలుతో పోల్చుకోవాల్సిందే.

సీనియర్ విలేఖరి: నాకు చీటీలే అలవాటు. జర్మనీలో నిక్లాస్ లూమన్ అనే సామాజిక శాస్త్రవేత్త దాదాపు 90,000 చీటీలతో పుస్తకాలు రాశాడు కదా.

అధ్యాపకురాలు: చీటీలు మంచివే సార్. ఆయన ప్రతి చీటీకీ నంబరు వేసి, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి చూపించాడు. మనవాళ్లు చీటీ రాస్తారు, నంబరు వెయ్యరు.

విలేఖరి: ఒప్పుకుంటాను. ఉద్యమంలో ఉన్న ఆడవాళ్లు చెప్పింది రికార్డు చేసుకుంటాం కదమ్మా, దానికి పేజీ ఎక్కడిది?

విద్యార్థి: నిమిషం రాసుకుంటాను సార్. ఆడియో పేరు, తేదీ, ఎన్నో నిమిషమో. వాళ్ల మాట వాళ్ల యాసలోనే ఉంచి, నా వ్యాఖ్య వేరే పేరాలో పెడతాను.