ఇప్పుడేం వింటున్నారు? జాజ్ అభిమాని రాసే ఒక్క లైను వెనక కథ

[తెర మీద నల్లటి రికార్డు తిరుగుతోంది. సూది ఆనిన చప్పుడు. సంగీతం ఇంకా మొదలవలేదు.]

జాజ్ వినేవాళ్లు ఇద్దరు కలిస్తే కుశల ప్రశ్నలకన్నా ముందు వచ్చే ప్రశ్న ఒకటుంది: ఇప్పుడేం వింటున్నారు? దానికి వచ్చే జవాబు ఇదిగో, ఇలా ఉంటుంది.

[అక్షరాలు ఒక్కొక్కటిగా: సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్. పియానో బిల్ ఎవాన్స్, బేస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషియన్. 25 జూన్ 1961.]

అంతే. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. కొత్తవాళ్లకు ఇది బస్సు టికెట్టు మీది వివరాల్లా కనిపిస్తుంది. జాజ్ వినేవాళ్లకు మాత్రం ఆ తేదీ చూడగానే మనసు చివుక్కుమంటుంది.

ఎందుకంటే ఆ ఆదివారం తర్వాత సరిగ్గా 11 రోజులకు, జులై 6న, బేస్ అనే పెద్ద తీగవాద్యం వాయించే స్కాట్ లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. వయసు 25. న్యూయార్క్‌లో మెట్లు దిగి వెళ్లే విలేజ్ వాన్‌గార్డ్ అనే చిన్న క్లబ్బులో, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఆ ముగ్గురూ వాయించిందే వాళ్ల ఆఖరి రికార్డింగ్. ఆల్బమ్ బయటికి వచ్చేసరికి అతను లేడు. అందుకే లఫారో బాగా వినిపించే ట్రాకులు ఏరి పెట్టారు. మొదటి ట్రాకూ చివరి ట్రాకూ అతను కట్టినవే.

[సంగీతం లోస్థాయిలో. పియానో వెనక గ్లాసులు తగిలిన చప్పుడు.]

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఆ రోజు టేపుల్లో గ్లాసులు తగిలిన చప్పుడు, ఎవరిదో నవ్వు, బల్లల దగ్గర మాటలు వినిపిస్తాయి. పక్కన ఏం జరుగుతోందో పట్టనట్టు ఎవరి కబుర్లలో వాళ్లున్నారు. మొదట్లో నాకు వాళ్ల మీద కోపం వచ్చేది. ఇప్పుడు ఆ గ్లాసుల చప్పుడు లేకపోతే ఏదో తక్కువైనట్టుంటుంది.

సరే, అసలు విషయానికి వద్దాం. ఈ వీడియోలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. జాజ్‌లో ఎవరైనా ఆల్బమ్ పేరు చెబితే సగమే చెప్పినట్టు. మిగతా సగం, ఎవరెవరు వాయించారు, ఏ రోజు వాయించారు అన్నది.

మామూలుగా పాట గురించి మాట్లాడుకునేటప్పుడు పాడినవాళ్ల పేరు చెబితే సరిపోతుంది. వెనక డ్రమ్స్ ఎవరని ఎవరూ అడగరు. జాజ్‌లో అది కుదరదు. ఎక్కువ రికార్డుల్లో జరిగేదేమిటంటే, ముందు అందరూ కలిసి అసలు ట్యూన్ వాయిస్తారు. దీన్ని హెడ్ అంటారు. ఆ తర్వాత ట్యూన్ కింద ఉండే కార్డ్‌ల, అంటే కలిపి ఒకేసారి పలికించే స్వరాల, వరస అలాగే తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఒక్కొక్కరు తమ వంతుకు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. చివర్లో పల్లవికి వచ్చినట్టు మళ్లీ హెడ్‌కి వస్తారు. హెడ్ ఒకటిన్నర నిమిషం ఉంటే ఆ అల్లిక ఎనిమిది నిమిషాలుండొచ్చు. ఆ ఎనిమిది నిమిషాలూ ఎక్కడా రాసిపెట్టి లేవు. మనిషి మారితే సంగీతమే మారిపోతుంది.

[తెర రెండు భాగాలు. ఎడమ వైపు 1958, కుడి వైపు 1959.]

ఆటమ్ లీవ్స్ అనే ట్యూన్ తీసుకోండి. 1958 మార్చిలో శాక్సోఫోన్ వాయించే కానన్‌బాల్ ఆడర్లీ దీన్ని సమ్‌థింగ్ ఎల్స్ ఆల్బమ్‌లో వాయించాడు. ఏ తొందరా లేని నడక, మైల్స్ డేవిస్ ట్రంపెట్ మూతికి మ్యూట్ అనే, శబ్దం తగ్గించే మూత పెట్టుకుని ఒక్కో స్వరాన్నీ ఆచితూచి వదులుతాడు. 1959 డిసెంబర్‌లో బిల్ ఎవాన్స్ పోర్ట్రెయిట్ ఇన్ జాజ్ కోసం అదే ట్యూన్ ఎత్తుకున్నాడు. ఇక్కడ కాసేపటికే బేస్ తన పని తాను చూసుకోవడం మానేసి పియానోతో వాదనకు దిగుతుంది. ఆ బేస్ ఎవరిదనుకున్నారు? లఫారోదే.

ఇంకో తమాషా. సమ్‌థింగ్ ఎల్స్ కవర్ మీద లీడర్ కానన్‌బాల్. అప్పటికే పెద్ద పేరున్న మైల్స్ అందులో సైడ్‌మన్, అంటే పక్కవాద్యగాడు. నిజానికి ఆ రోజుల్లో మైల్స్ బృందంలో వాయించేది కానన్‌బాల్. ఒక్క రికార్డు కోసం తిరగేశారు. పక్కవాద్యాల పేర్లు చదవకపోతే మైల్స్ వాయించిన గొప్ప సోలో ఒకటి మీ చేతికి రాకుండానే పోతుంది. నేను వాడే యాప్‌లో లీడర్ పేరొక్కటే పెద్దక్షరాల్లో ఉంటుంది, మిగతావాళ్లెవరో తెలుసుకోవాలంటే పది చోట్ల వెతుక్కోవాలి. ఆ చిరాకు సంగతి ఇంకో వీడియోలో.

[తెర మీద ఒక గీత. దాని మీద ఒక్కో చుక్క దగ్గర ఒక్కో సంవత్సరం వెలుగుతుంది.]

ఇక ఈ పేర్లతో జాజ్ వాళ్లు ఆడే ఆట చూడండి. ఒక మనిషిని పట్టుకుని రికార్డు నుంచి రికార్డుకు నడుస్తారు. నాకిష్టమైనవాడు బేస్ వాయించే పాల్ చేంబర్స్. 1957లో శాక్సోఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ చేసిన బ్లూ ట్రెయిన్ ఆల్బమ్‌లో ఉన్నాడు. 1959లో మైల్స్ చేసిన కైండ్ ఆఫ్ బ్లూలో ఉన్నాడు. సో వాట్ ట్రాక్‌లో హెడ్ వాయించేది ట్రంపెట్ కాదు, బేసే. చేంబర్స్ అడుగుతాడు, మిగతావాళ్లు రెండే రెండు ముక్కల్లో జవాబిస్తారు. అదే ఏడు కోల్ట్రేన్ జెయింట్ స్టెప్స్ రికార్డింగ్‌లోనూ అతనే. అందులో చివరి ట్రాక్ పేరు మిస్టర్ పీసీ. పీసీ అంటే పాల్ చేంబర్స్. ఈ సంగతి తెలియక కంప్యూటర్ అనుకున్న మిత్రుడొకడు నాకున్నాడు.

1961లో ఆలివర్ నెల్సన్ ఆల్బమ్ ద బ్లూస్ అండ్ ద ఆబ్‌స్ట్రాక్ట్ ట్రూత్‌కి వస్తే బేస్ మళ్లీ చేంబర్సే. పియానో బిల్ ఎవాన్స్. అక్కడ కొత్తగా ఒకడు తగులుతాడు, శాక్సోఫోన్, ఫ్లూట్ వాయించే ఎరిక్ డాల్ఫీ. ఇప్పుడు చేంబర్స్ చెయ్యి వదిలి డాల్ఫీ వెంట వెళ్తే 1964లో అవుట్ టు లంచ్ దగ్గర తేలతారు. అందులో డ్రమ్స్ మీద కూర్చున్న టోనీ విలియమ్స్ వయసు 18. ఈ దారి ఎవరూ గీసి ఇవ్వలేదు. పేర్లు చదువుకుంటూ పోతే అదే కనిపిస్తుంది.

[క్షణం నిశ్శబ్దం. రికార్డు లేబుల్ దగ్గరికి కెమెరా.]

ఇక ఇంకో రకం అభిమానులున్నారు. ఆల్బమ్ పేరుతో పాటు అది ఏ ఏడు, ఏ ఫ్యాక్టరీలో అచ్చయిన ప్రతి అన్నది కూడా రాస్తారు. ట్రాకులు అయిపోయాక లేబుల్ చుట్టూ నున్నటి భాగం మిగులుతుంది చూశారా, అక్కడ లైటు వేసి ఆర్‌వీజీ అనే మూడక్షరాల కోసం వెతుకుతారు. రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ గుర్తు అది. కళ్లు పరీక్షించి అద్దాలు రాసివ్వడం అప్పట్లో ఆయన వృత్తి. న్యూజెర్సీలో అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో మైకులు పెట్టి, జాజ్ చరిత్రలో సగం పెద్ద పేర్లను రికార్డు చేశాడు. 1959 దాకా అదే గది.

నిజం చెప్పాలంటే నాకు ఈ అక్షరాల వేట మీద పెద్ద ఆసక్తి లేదు. కానీ ఒక్క విషయంలో వాళ్లే గెలిచారని ఒప్పుకోవాలి.

కైండ్ ఆఫ్ బ్లూ మొదటి రికార్డింగ్ 1959 మార్చి 2న జరిగింది. ఆ రోజు ఒక టేప్ మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగే మెషీన్ మీద ఎక్కించినదాన్ని మామూలు వేగంతో వినిపిస్తే ఏమవుతుంది? సంగీతం కొంచెం పరిగెడుతుంది, శ్రుతి కొంచెం పైకి లేస్తుంది. మొదటి వైపు ఉన్న మూడు ట్రాకులూ ఆ టేపువే. రెండో వైపు ఏప్రిల్ 22న చేశారు, దానికి ఈ తేడా లేదు. అంటే రికార్డు తిప్పి వేస్తే శ్రుతి మారిపోతుందన్నమాట! జాజ్‌లో అందరి ఇళ్లలోనూ ఉండే రికార్డు ఇది. 1990లలో, సరైన వేగంతో తిరిగిన రెండో మెషీన్ టేపు తీసి దాన్ని సరిచేసేదాకా, ముప్పై ఏళ్లకు పైగా లోకమంతా సో వాట్‌ని ఉండాల్సిన చోటుకన్నా కాస్త పైన వింది. కాబట్టి ఎవరైనా "ఏ ప్రతి?" అని అడిగితే నవ్వకండి.

ఇక నన్ను నిజంగా మార్చిన జవాబు ఒకటి చెప్తాను. కోల్ట్రేన్ ఎ లవ్ సుప్రీమ్ నేను చాలాసార్లు విన్నాను. 1964 డిసెంబర్ 9న రికార్డు చేసింది, నాలుగు భాగాలు. మూడు భాగాలు బాగానే పట్టుబడ్డాయి. నాలుగోది, సామ్, ఎప్పుడూ చేతికందలేదు. తాళం లేదు, ట్యూన్ అనదగ్గదీ లేదు. డ్రమ్స్ వెనకాల ఉరుముతుంటే శాక్సోఫోన్ ఏదో గొణుగుతున్నట్టుండేది. ఎక్కువసార్లు అక్కడికొచ్చేసరికి ఆపేసేవాణ్ని.

ఒకసారి ఒకాయన తాను వింటున్నది ఇదేనని చెప్పి, పక్కన ఒక్క ముక్క చేర్చాడు: కవర్ లోపలి పద్యం చేత్తో పట్టుకుని వినండి.

[తెర మీద తెరిచిన ఆల్బమ్ కవర్. ఒక వేలు లైను వెంట నెమ్మదిగా కదులుతుంది.]

ఆ కవర్ లోపల కోల్ట్రేన్ స్వయంగా రాసిన ప్రార్థన అచ్చయి ఉంటుంది. నాలుగో భాగం మొదలైనప్పుడు దాని మొదటి లైను మీద వేలు పెట్టాను. శాక్సోఫోన్ ఆ లైను చదివింది. అలంకారానికి అనడం లేదు, నిజంగానే చదివింది. మాటకో స్వరం, లైను చివర ఊపిరి. థాంక్యూ గాడ్ అన్న మాట వచ్చిన చాలాచోట్ల వాద్యం కిందికి దిగి, తల వంచినట్టు ఆగుతుంది. నేను గొణుగుడు అనుకున్నది ఆయన తన ప్రార్థనను నోటితో కాకుండా వాద్యంతో చదవడం. ఏడు నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. వేలు మాత్రం పేజీ చివరికి చేరింది.

కవర్ ఫోటో ఒక్కటి పెట్టి ఊరుకునేవాళ్ల మీద నా ఫిర్యాదు ఇదే. ఎక్కడ చెవి పెట్టాలో ఒక్క ముక్క చెప్పండి.

ఇంకో ఫిర్యాదు కూడా ఉంది, అది మనందరి మీదా. అడిగిన ప్రతిసారీ 1959 దగ్గరే తిరుగుతుంటాం. గొప్ప ఏడాదే, కాదనను. అయితే పాత సంగీతం కూడా కొత్తగా రావచ్చు. పియానో వాయించే థెలోనియస్ మంక్, కోల్ట్రేన్ కలిసి 1957లో కార్నెగీ హాల్‌లో వాయించిన టేపు దాదాపు యాభై ఏళ్లు ఎవరూ పట్టించుకోకుండా పడి ఉండి, 2005లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడింది. ఆ ఏడాది కొత్త ఆల్బమ్‌గానే వచ్చింది. ఇక నిజంగా కొత్తవి కావాలంటే 2021లో వచ్చిన ప్రామిసెస్ వినండి. ఫ్లోటింగ్ పాయింట్స్ అనే పేరుతో ఎలక్ట్రానిక్ సంగీతం చేసే కళాకారుడు కట్టిన సంగీతం, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, వాటి మధ్య దాదాపు ఎనభై ఏళ్ల ఫారో శాండర్స్ శాక్సోఫోన్. ఒకప్పుడు గర్జించిన మనిషి ఇక్కడ చెవిలో చెబుతున్నట్టు వాయిస్తాడు.

[రికార్డు మార్చే చేతులు. కొత్త రికార్డు మీదికి సూది.]

ఆ శాండర్స్ పేరు పట్టుకునే నేను వెనక్కి నడిచాను. కాబట్టి నన్నడిగితే నా లైను ఇది.

జర్నీ ఇన్ సచ్చిదానంద. హార్ప్, పియానో ఆలిస్ కోల్ట్రేన్. సొప్రానో శాక్సోఫోన్ ఫారో శాండర్స్. బేస్ సెసిల్ మెక్‌బీ. డ్రమ్స్ రషీద్ అలీ. చివరి ట్రాక్ తప్ప మిగతాదంతా ఈ బృందమే 1970 నవంబర్‌లో రికార్డు చేసింది, ఆల్బమ్ 1971లో వచ్చింది. చెవి పెట్టాల్సిన చోటు మొట్టమొదటి క్షణమే: ముందు తంబురా, దాని మీదికి బేస్.

[తంబురా శ్రుతి. బేస్ వచ్చి చేరుతుంది. తెర నెమ్మదిగా నల్లబడుతుంది, సంగీతం ఆగదు.]