నీళ్లు మోసినవాళ్ల పేర్లు

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా సైకిళ్లు పట్టుకొని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదివితే మీరు ఎండలో మాడిపోతారు, వదిలేస్తున్నా. నల్లగొండ గడియారం దగ్గర నుంచి పానగల్ దాకా తొక్కబోయే ముందు టూర్ డి ఫ్రాన్స్ గురించి ఐదు నిమిషాలు చెప్పమన్నారు.

ఫ్రాన్స్‌లో ఒక పేపరు అమ్మకాలు పెంచుకోవడానికి 1903లో మొదలుపెట్టిన సైకిల్ రేసు అది. 60 మంది బయలుదేరితే 21 మందే చివరిదాకా వచ్చారు. ఇప్పుడు మూడు వారాలు, 21 స్టేజీలు (స్టేజీ అంటే ఒక రోజు తొక్కుడు), దాదాపు 3,400 కిలోమీటర్లు. అందరికంటే ముందున్నవాడికి పసుపు జెర్సీ. ఆ పేపరు పసుపు కాగితం మీద అచ్చయ్యేది మరి. సరే, ఇదంతా మీ ఫోన్లలోనే ఉంటుంది.

జట్టుకు ఎనిమిది మంది. గెలిపించాల్సింది ఒక్కణ్ణి. మిగతావాళ్లు ఎదురుగాలికి అడ్డంగా ముందు తొక్కుతారు. వెనక వచ్చే జట్టు కారు దగ్గరికి పోయి, నీళ్ల సీసాలు వీపున జెర్సీలో కుక్కుకొని, మళ్లీ అందరినీ అందుకొని పంచుతారు. వాళ్లను 'దొమెస్తీక్' అంటారు. అంటే నౌకరు. 1911లో మొరిస్ బ్రోకో అనే ఆయన, వెనకబడ్డ ఫ్రాన్స్వా ఫాబెర్‌కు సాయపడితే రేసు పెద్ద అన్రీ దెగ్రాంజ్ తిట్టిన తిట్టు అది. తర్వాత ఒక స్టేజీ ఆ నౌకరే గెలిచాడు! అయినా రేసు నుంచి వెళ్లగొట్టారు. చప్పట్లు తర్వాత, ముందు వినండి.

మా నాయిన కూడా దొమెస్తీకే. మర్రిగూడ దిక్కు మా ఊర్లో ఏ బోరు వేసినా ఫ్లోరైడ్ నీళ్లే. నాలుగు కిలోమీటర్ల అవతల ఒక్క బాయిలో తియ్యటి నీళ్లుండేవి. తెల్లారకముందే సైకిలుకు అటొక బిందె, ఇటొక బిందె పాత ట్యూబుతో కట్టుకొని పోయేవాడు. వచ్చేటప్పుడు తొక్కేవాడు కాదు, నెట్టుకుంటూ నడిచేవాడు. తొణికితే మళ్లీ పోవాలి కదా! మాకు పోసి, పక్కింటి అవ్వకు ఒక చెంబు పోసేవాడు. తను మాత్రం చిన్నప్పుడంతా బోరు నీళ్లే తాగాడు. ఆ ఫ్లోరైడ్‌తోనే చివరికి మోకాళ్లు వంగక సైకిలే ఎక్కలేకపోయాడు.

బడి సైకిల్ రేసులో నాకు ఫస్టు వచ్చింది. మైకులో మా నాయిన పేరు తప్పు చదివారు. ఆయన బిందెల సైకిల్ పట్టుకొని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లయింది, నాకు ఇంకా మండుతనే ఉంటది. టూర్‌లో గెలిచినవాడు ప్రైజు డబ్బు జట్టుకు పంచడం ఆనవాయితీ. నేను పంచాల్సింది ఒక్క పేరు, అది కూడా మైకులో వాళ్లు సరిగ్గా పలకలేదు.

నిర్వాహకులు ఏమీ అనుకోవద్దు. జెండా ఊపే ముందు, పొద్దున్నుంచి ఆటోలో నీళ్ల క్యాన్లు ఎక్కిస్తున్న ఆ పిల్లవాణ్ణి ఇటు పంపండి. రా బిడ్డా, సిగ్గెందుకు? నీ పేరేంది? మీ నాయిన పేరు? మైకు దగ్గరికొచ్చి నువ్వే చెప్పు.