డిగ్రీ లేని ప్రొఫెసర్: ఆల్బర్ట్ వెర్వెయ్

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

డచ్చివాళ్ళంటే మనకు మచిలీపట్నం వలందపాలెం గుర్తొస్తుంది, భీమిలి సమాధులు గుర్తొస్తాయి. వాళ్ళ బట్టల వ్యాపారం మన తీరం దాకా వచ్చింది. కవిత్వం మాత్రం అక్కడే ఉండిపోయింది. అందుకే ఇవాళ మీలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక కవి గురించి మాట్లాడతాను.

ఒక కొంటెపనితో మొదలుపెడతాను. 1885లో హాలండ్‌లో ‘యూలియా’ అనే కథాకావ్యం అచ్చయింది. సిసిలీలో జరిగే కథ. రాసింది గీడో అని పుస్తకం మీద ఉంది. ఆ కాలంలో జనానికి నచ్చే మెత్తమెత్తటి భావాలన్నీ అందులో దండిగా దట్టించారు. విమర్శకులు కొందరు మెచ్చుకున్నారు. మరుసటి ఏడాది ఇంకో చిన్న పుస్తకం వచ్చింది. డచ్ విమర్శకులకు విమర్శ చేసే అర్హతే లేదన్నది దాని సారాంశం. గీడో అనేవాడు లేడు. కావాలనే నాసిరకంగా రాసి వదిలాం, మీరు పడ్డారు అని చెప్పారు ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడు విల్లెమ్ క్లోస్. రెండోవాడు, ఇరవై ఏళ్ళవాడు, ఆల్బర్ట్ వెర్వెయ్.

ఇదే వెర్వెయ్ 1925లో లైడెన్ విశ్వవిద్యాలయంలో డచ్ సాహిత్యానికి ప్రొఫెసర్ అయ్యాడు. అప్పటికి అరవై ఏళ్ళు. విద్యార్థిగా ఏ యూనివర్సిటీలోనూ చదవలేదు. ఆయన చదివింది లాటిన్, గ్రీకు లేని కొత్తరకం హైస్కూల్లో. అక్కడి నుంచి సాహిత్యం డిగ్రీకి దారి ఉండేది కాదు. 1914లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం ఇచ్చిన గౌరవ డాక్టరేటే ఆయనకున్న పట్టా.

మరి అంత చదువు ఎక్కడ చదివాడు? పత్రికల్లో చదివాడని నేనంటాను. రాసి, దిద్ది, పోట్లాడి చదువుకున్నాడు.

ఆయన పుట్టింది 1865 మే 15న, ఆమ్‌స్టర్‌డామ్‌లో. ఇరవయ్యో ఏట క్లోస్, ఫ్రెడరిక్ వాన్ ఏడెన్ మొదలైనవాళ్ళతో కలిసి ‘దె నీవె గిడ్స్’ పత్రిక పెట్టాడు. అంటే ‘కొత్త మార్గదర్శి’. ఆ పేరులోనే ఒక పోటు ఉంది. 1837 నుంచి నడుస్తున్న పెద్దల పత్రిక పేరు ‘దె గిడ్స్’, మార్గదర్శి. మీ దారి పాతబడింది, కొత్త దారి మేం చూపిస్తాం అని పేరుతోనే చెప్పేశారన్నమాట. ఈ గుంపునే ‘ఎనభైల వాళ్ళు’ అంటారు. కవిత్వం బడిపంతులు నీతిపాఠం కాదన్నది వాళ్ళ మాట. ‘నా ఆలోచనల లోతుల్లో నేనొక దేవుణ్ణి’ అన్నాడు క్లోస్ ఒక సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) మొదట్లో. డచ్చివాళ్ళలో చాలామందికి ఇప్పటికీ నోటికొచ్చిన పాదం అది.

క్లోస్ వెర్వెయ్ కంటే ఆరేళ్ళు పెద్ద. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది ఉత్త స్నేహం అనలేం. వెర్వెయ్ 44 సానెట్ల మాల రాసి, దానికి ‘స్నేహం అని పిలిచే ప్రేమ గురించి’ అని పేరు పెట్టాడు. నా మట్టుకు నాకు ఆయన కవిత్వంలో అన్నిటికంటే ప్రాణమున్నది అక్కడే. తర్వాత వెర్వెయ్‌కి కిట్టీ వాన్ ఫ్లోటెన్‌తో పెళ్ళి కుదిరింది. 1888 సంగతి. క్లోస్ దాన్ని ద్రోహంగా తీసుకున్నాడు. ఆ బాధలోంచి గొప్ప సానెట్లు పుట్టాయి. తర్వాత్తర్వాత తాగుడు, పాతమిత్రుల మీద తిట్టు సానెట్లు కూడా వచ్చాయి. వెర్వెయ్ మాత్రం పత్రిక వదిలేశాడు. 1890లో పెళ్ళి చేసుకుని సముద్రం ఒడ్డున నార్డ్‌వైక్ అనే ఊళ్ళో కాపురం పెట్టాడు. ఇసుకదిబ్బల పక్కన ఇల్లు. చనిపోయేదాకా ఆ ఊరే.

కిట్టీ గురించి ఒక మాట. ఆమె తండ్రి యోహానెస్ వాన్ ఫ్లోటెన్ తత్త్వవేత్త స్పినోజాను డచ్చివాళ్ళకు మళ్ళీ పరిచయం చేసిన పండితుడు. ఆమె అక్కచెల్లెళ్ళలో ఒకరు వాన్ ఏడెన్ భార్య, ఇంకొకరు చిత్రకారుడు విల్లెమ్ విట్సెన్ భార్య. అంటే ఆ తరం సాహిత్యోద్యమంలో సగం తోడల్లుళ్ళ వ్యవహారం!

నార్డ్‌వైక్ వెళ్ళాక వెర్వెయ్ కవిత్వం మారింది. ‘నేను’ తగ్గింది. మనిషికీ ప్రపంచానికీ మధ్య ఒక మూలభావం ఉంటుందని, దాన్ని ఆయన ‘ఐడియా’ అంటాడు, కవి పని దాన్ని పట్టుకోవడమేనని నమ్మాడు. నిజం చెప్పాలంటే ఈ కాలపు కవితలు కొన్ని చదవడానికి కష్టంగా ఉంటాయి. ఆలోచన ముందు నడుస్తుంది, పాట వెనక కుంటుతుంది.

కానీ సంపాదకుడిగా ఆయన సత్తా బయటపడింది అప్పుడే. 1894లో రచయిత లోడెవైక్ వాన్ డైసెల్‌తో కలిసి ఒక ద్వైమాసిక పత్రిక మొదలుపెట్టాడు. 1905లో ‘దె బెవేగింగ్’ పెట్టాడు. అంటే కదలిక, ఉద్యమం. అది 1919 దాకా నడిచింది. పి. ఎన్. వాన్ ఐక్, జె. సి. బ్లూమ్ లాంటి తర్వాతి తరం కవులు కుర్రతనంలో రాసింది ఆ పత్రికలోనే. వాస్తుశిల్పి బెర్లాగె కూడా ఆయన స్నేహితుడే. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1903లో తెరిచిన సరుకుల ఎక్స్‌చేంజి భవనం బెర్లాగెది. దాని అలంకరణకు పథకం వేసి, గోడలకు పద్యాలు రాసిచ్చింది వెర్వెయ్. ధరలు అరుచుకునే చోట కవిత్వం చెక్కించారు చూడండి!

జర్మన్ కవి స్టెఫాన్ గెయోర్గెతో స్నేహం ఇంకో అధ్యాయం. ఒకరి కవితలు ఒకరు అనువదించుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధం వాళ్ళిద్దరినీ దూరం చేసింది. గెయోర్గె పోయిన మరుసటి ఏడాది, 1934లో, వెర్వెయ్ ఆ స్నేహం గురించి ఒక పుస్తకమే రాశాడు. 1923లో ఇటాలియన్ మహాకవి దాంతే ‘డివైన్ కామెడీ’కి ఆయన చేసిన డచ్ అనువాదం వచ్చింది.

నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పదలుచుకున్నది మాత్రం వేరే పుస్తకం గురించి. 1903లో వెర్వెయ్ ఒక జీవితచరిత్ర రాశాడు. ఎవరిది? పొట్‌గీటర్‌ది. ఎవరాయన? ‘దె గిడ్స్’ స్థాపకుల్లో ముఖ్యుడు! ఇరవై ఏళ్ళప్పుడు ఏ పత్రికను వెక్కిరించి తన పత్రికకు పేరు పెట్టాడో, ఆ పత్రిక పెట్టినవాడి జీవితాన్ని ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిదేళ్ళప్పుడు ఓపికగా కూర్చుని రాశాడు. ప్రొఫెసర్ ఉద్యోగం అప్పటికి కలలో కూడా లేదు. కుర్రతనంలో పెద్దల్ని తిట్టనివాళ్ళు తక్కువ. తాము తిట్టిన ఆ పెద్దల్నే మళ్ళీ తీసి చదివినవాళ్ళు ఇంకా తక్కువ.

లైడెన్‌లో పదేళ్ళు పాఠం చెప్పి 1935లో దిగిపోయాడు. ఆ కుర్చీలోకి వచ్చింది ఎవరో కాదు, ‘బెవేగింగ్’ కుర్రాడు వాన్ ఐక్. వెర్వెయ్ 1937 మార్చి 8న నార్డ్‌వైక్‌లో కన్నుమూశాడు. ఆయన సంపాదకత్వంలో ఫొండెల్ కవితలు, నాటకాలు అన్నీ ఒకే లావుపాటి సంపుటంగా అచ్చయింది కూడా ఆ ఏడాదే. ఫొండెల్ 17వ శతాబ్దపు మహాకవి. ఆయనా ఏ యూనివర్సిటీలోనూ చదవలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో మేజోళ్ళ కొట్టు నడిపాడు. ఆ కొట్టున్న వీధి బెర్లాగె కట్టిన ఎక్స్‌చేంజికి పక్కనే.