అమ్మ లెక్కపెట్టిన జీడిపిక్కలు

(గుండె జబ్బులు, నిద్ర, వైద్య పరిశోధన గురించి శ్రీకాకుళంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఉక్కలో ఇంతమంది వచ్చారంటే, మీ ఇళ్ళల్లో ఎవరికో ఒకరికి షుగరో, బీపీయో, గుండెకి స్టెంటో ఉండే ఉంటుంది. అందుకని నేను కూడా మా ఇంటి సంగతితోనే మొదలుపెడతాను.

మాది పలాస దగ్గర పల్లె. అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. నాన్న లారీ డ్రైవరు, టెక్కలి క్వారీల నుంచి విశాఖపట్నం పోర్టుకి గ్రానైట్ రాళ్ళు తోలేవాడు. నాన్న గుర్రు పెడితే వీధి చివరిదాకా వినబడేది. కష్టపడి వచ్చాడు, ఒళ్ళెరగకుండా నిద్రపోతున్నాడు పాపం అనుకునేవాళ్ళం. నేను డాక్టరయ్యాక కూడా అలాగే అనుకున్నాను, అదీ నా బాధ. ఆయనకి బీపీకి మూడు రకాల మాత్రలు రాస్తూ, మూడూ వేసుకుంటున్నా బీపీ ఎందుకు దిగడంలేదో అర్థంకాక ఉప్పు తగ్గించమని అమ్మ మీద కేకలేసేదాన్ని.

2013లో ఒకరోజు తెల్లవారుజామున రణస్థలం దాటాక నాన్నకి కునుకు పట్టింది, లారీ డివైడరెక్కేసింది. క్లీనరు కుర్రాడు అరిచాడు కాబట్టి సరిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వారంలోనే అమ్మ ఫోన్ చేసి, "మీ నాన్నకి నిద్దట్లో ఊపిరి ఆగిపోతందే అమ్మీ, గుర్రు ఆగిపోయి, కాసేపు ఏటీ ఉండదు, మళ్ళీ ఎగిరిపడి లేస్తన్నాడు" అంది. ఎన్నిసార్లమ్మా అంటే తనకి రాత రాదు. మర్నాడు రాత్రి మంచం పక్కన రెండు పళ్ళాలు పెట్టుకుని కూర్చుంది. ఊపిరి ఆగినప్పుడల్లా ఈ పళ్ళెంలోంచి ఒక జీడిపిక్క తీసి ఆ పళ్ళెంలో వేసింది. గోడ గడియారం చూసుకుని సరిగ్గా ఒక గంట. తెల్లారాక లెక్కపెడితే 34 ఉన్నాయి.

తర్వాత స్లీప్ స్టడీ చేయిస్తే గంటకి 38 అని వచ్చింది. స్లీప్ స్టడీ అంటే పెద్ద బ్రహ్మాండమేమీ కాదు. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి ఒక బెల్టు, వేలికి కోవిడ్ రోజుల్లో మీరందరూ చూసిన ఆ ఆక్సిజన్ క్లిప్పు. పది సెకన్లకి తక్కువ కాకుండా ఊపిరి ఆగిపోవడమో, బాగా సన్నగిల్లిపోవడమో గంటకి ఎన్నిసార్లు జరిగిందో లెక్కగడతారు. 5 లోపు అయితే ఫర్వాలేదు, 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం. దీన్ని స్లీప్ ఆప్నియా అంటాం. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు కంగారుపడి మనిషిని లేపుతుంది, లేపినప్పుడల్లా గుండె దడదడలాడి బీపీ ఎగురుతుంది. మనిషికి మాత్రం తెల్లారాక ఏమీ గుర్తుండదు. రాత్రంతా గంటకి 38 సార్లు ఇలా జరిగే మనిషికి పగలు మాత్రలతో బీపీ దించుదామని నేను చూశానన్నమాట.

దీనికి సీపాప్ అనే యంత్రం ఉంది. సిడ్నీలో కాలిన్ సలివన్ అనే డాక్టరు తయారుచేసి 1981లో వైద్య పత్రికలో ప్రచురించాడు, ముక్కుకి మాస్కు పెట్టి గాలిని ఒత్తిడితో పంపుతుంది, గొంతు మూసుకుపోకుండా తెరిచి ఉంచుతుంది. సరే, ఇప్పుడు నేను అసలు చెప్పడానికి వచ్చిన మాటకి వస్తున్నాను.

ఊపిరి ఆగితే గుండెకి చేటు, యంత్రం పెడితే ఊపిరి ఆగదు, కాబట్టి యంత్రం గుండెని కాపాడుతుంది. ఎంత సూటిగా ఉందో చూడండి! 2005లో స్పెయిన్ వాళ్ళు పదేళ్ళు గమనించి రాసిన అధ్యయనం కూడా అలాగే చెప్పింది, తీవ్రమైన ఆప్నియా ఉండి వైద్యం చేయించుకోని మగవాళ్ళలో గుండెపోట్లు, మరణాలు ఎక్కువ, యంత్రం వాడినవాళ్ళలో తక్కువ అని. నేను నాన్నకి అదే చెప్పాను, నా పేషెంట్లకి అదే చెప్పాను. అప్పు చేసి యంత్రం కొన్నవాళ్ళున్నారు నా మాట మీద.

2016లో సేవ్ అనే ట్రయల్, అంటే వైద్యాన్ని మనుషుల మీద పరీక్షించి చూసే అధ్యయనం, ఫలితాలు వచ్చాయి. ఏడు దేశాల్లో, మన దేశం కూడా అందులో ఉంది, 2,700 మందికి పైగా పాల్గొన్నారు. అందరికీ అప్పటికే గుండె జబ్బో, మెదడు రక్తనాళాల జబ్బో ఉంది, దాంతోపాటు మధ్యరకం లేదా తీవ్రమైన ఆప్నియా ఉంది. సగం మందికి మామూలు వైద్యంతోపాటు యంత్రం, సగం మందికి మామూలు వైద్యం ఒక్కటే. సగటున దాదాపు నాలుగేళ్ళు చూశారు. గుండెపోటో, పక్షవాతమో, గుండె సమస్యతో ఆసుపత్రి పాలవడమో, ఆ జబ్బులతో మరణమో, వీటిలో ఏదో ఒకటి యంత్రం వాడిన వాళ్ళలో నూటికి 17 మందికి జరిగింది, యంత్రం లేనివాళ్ళలో నూటికి 15.4 మందికి. ఆ కాస్త తేడా అనుకోకుండా వచ్చేంతటిదే. అంటే యంత్రం గుండెపోటు ఆపలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను చెప్పింది అబద్ధం కాదు, కానీ నాకు తెలిసినదానికంటే ఎక్కువ గట్టిగా చెప్పాను. అది కూడా తప్పే.

మరి స్పెయిన్ అధ్యయనం ఎలా పొరబడింది? ఆలోచించండి. రాత్రుళ్ళు మూతికి మాస్కు తగిలించుకుని, ఏళ్ళ తరబడి ఓపిగ్గా వాడే మనిషి ఎలాంటివాడు? బీపీ మాత్ర మానడు, చుట్ట మానేస్తాడు, పొద్దున్నే నాగావళి గట్టు మీద నడుస్తాడు. అతని గుండె బాగుంటే ఆ ఘనత యంత్రానిదా, ఆ మనిషిదా? పక్కన నిలబడి చూసినంత మాత్రాన తేలదు. అందుకే చీటీ వేస్తారు. ఎవరికి యంత్రం, ఎవరికి కాదు అన్నది డాక్టరు ఇష్టమూ కాదు, పేషెంటు ఇష్టమూ కాదు, చీటీలో వచ్చినట్టే. అప్పుడు ఓపికస్థులు రెండు గుంపుల్లోనూ సమానంగా పడతారు. మీరు పేపర్లో ఏ మందు గురించి చదివినా ముందు అడగాల్సింది ఇదే, చీటీ వేసి చూశారా, ఊరికే గమనించారా?

ఇంకో సంగతి, నా మనసులో ఎప్పుడూ మెదిలేది. గుండెపోటు వచ్చి బతికినవాళ్ళలో కొందరికి గుండె మధ్యమధ్యలో ఒక దెబ్బ అదనంగా కొట్టుకుంటుంది. అలాంటివాళ్ళు హఠాత్తుగా చనిపోయే అవకాశం ఎక్కువ. ఆ అదనపు దెబ్బల్ని ఆపే మందులు ఉండేవి, ఈసీజీలో చక్కగా ఆగిపోయేవి కూడా, డాక్టర్లు ధీమాగా రాసేవాళ్ళు. 1989లో కాస్ట్ ట్రయల్‌లో చీటీ వేసి చూస్తే, అందులో రెండు మందులు వాడినవాళ్ళు మందు లేని ఉత్తి మాత్ర మింగినవాళ్ళకంటే ఎక్కువమంది చనిపోయారు. కాగితం మీద ఈసీజీ బాగుపడింది, మనిషి పోయాడు. నిద్ర విషయంలోనూ అలాంటిది జరిగింది. గుండె బలహీనపడి, మెదడు సంకేతం అందక ఊపిరి ఆగే రకం ఆప్నియా ఉన్నవాళ్ళకి వేరే తరహా యంత్రం పెట్టి చూశారు, 1,325 మందికి. 2015లో ఫలితం వచ్చింది, ఊపిరి ఆగడం తగ్గింది, గుండె జబ్బు మరణాలు మాత్రం పెరిగాయి. పరీక్షించి ఉండకపోతే ఇవాళ్టికీ మేము నమ్మకంగా అవే పెడుతూ ఉండేవాళ్ళం.

అయితే ఇంట్లో యంత్రం ఉన్నవాళ్ళు ఇది విని అటక మీద పడేయకండి, దయచేసి. సేవ్ ట్రయల్‌లోనే యంత్రం వాడినవాళ్ళకి గుర్రు తగ్గింది, పగటి మత్తు తగ్గింది, మనసు కుదుటపడింది. పైగా పగలు మరీ తూలిపోయేవాళ్ళని ఆ ట్రయల్‌లో చేర్చుకోనేలేదు, ఎందుకంటే అలాంటివాళ్ళని యంత్రం లేకుండా ఏళ్ళ తరబడి వదిలేయడం న్యాయం కాదు. అంటే మా నాన్నలాంటి డ్రైవరుకి ఆ ఫలితం వర్తించదు. ఇంకోటి, ట్రయల్‌లో వాళ్ళు రాత్రికి సగటున 3.3 గంటలే వాడారు. నిద్ర ఏడు గంటలు, మాస్కు మూడు గంటలు. మొత్తం మూడు ట్రయల్స్ కలిపి 2023లో లెక్క చూస్తే నాలుగు గంటలకి తగ్గకుండా వాడినవాళ్ళలో గుండె, మెదడు దెబ్బలు తక్కువగానే కనబడ్డాయి. కానీ ఎన్ని గంటలు వాడాలన్నది చీటీ వేసి తేల్చింది కాదు కదా, మళ్ళీ ఆ ఓపికస్థుల తిరకాసే వస్తుంది. అందుకే ఇప్పుడు నేను పేషెంటుతో ఇలా అంటున్నాను: "బాబూ, ఇది నీ నిద్ర బాగుచేస్తుంది, బండి మీద కునుకు ఆపుతుంది, బీపీ కాస్త దించవచ్చు. గుండెపోటు రాకుండా ఆపుతుందని మాత్రం నేను మాటివ్వలేను. దానికి నీ మాత్రలు నువ్వు వేసుకోవాల్సిందే."

మా నాన్న లావు మనిషి కాదు. అందుకే నాకు అనుమానం రాలేదు. ఆప్నియా అంటే మెడ లావుగా ఉన్న భారీ మనుషులకే అని పుస్తకంలో చదువుకున్నాం, ఆ పుస్తకాలు రాసినవాళ్ళు చూసింది వాళ్ళ దేశపు మనుషుల్ని. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫోటో వచ్చింది. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మనది అలాంటి ఒళ్ళు, చూడ్డానికి సన్నం, పొట్ట దగ్గర మాత్రం కొవ్వు. అందుకే మనకి నడుము కొలత మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితేనే జాగ్రత్తపడమంటాం. గుండెపోటు కూడా మనవాళ్ళకి తొందరగా వస్తుంది. 52 దేశాల్లో చేసి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు వయసు దక్షిణాసియా వాళ్ళకి 53 దగ్గర ఉంది, మిగతా వాళ్ళకి 59 దగ్గర ఉంది.

ఇప్పుడందరూ అడుగుతున్న బరువు తగ్గే ఇంజెక్షన్ ఉంది కదా, టిర్జెపటైడ్. ఊబకాయం ఉన్నవాళ్ళ ఆప్నియాకి కూడా వాడవచ్చని 2024 డిసెంబరులో అమెరికా అనుమతిచ్చింది. మంచి ట్రయలే, 469 మంది, ఏడాదిపాటు, గంటకి 50 సార్లు ఊపిరి ఆగే మనుషుల్లో పాతిక, ముప్ఫై దాకా తగ్గింది. కానీ చేరినవాళ్ళ బీఎంఐ సగటు 39. మా నాన్నలాంటి సన్నటి డ్రైవరుకి అది ఎంత పనిచేస్తుందో ఆ ట్రయల్ చెప్పదు. ఆ ట్రయల్ కొలిచింది కూడా ఊపిరి లెక్కే, గుండెపోట్లు కాదు. మన ఒంటికి ఏది పనిచేస్తుందో తెలియాలంటే మన ఒళ్ళు ట్రయల్‌లో ఉండాలి. దీనికి దగ్గరదారి లేదు.

మన ఒళ్ళు ఉంటే ఏమవుతుందో చూపించిన ట్రయల్ ఉంది. నాలుగు మందుల్ని ఒకే గుళికలో పెట్టి, దానికి ఆస్పిరిన్ జతచేసి చూసిన టిప్స్-3. 5,713 మంది, అందులో దాదాపు సగం మంది మన దేశం వాళ్ళే. నాలుగున్నరేళ్ళు చూస్తే గుండె, మెదడు దెబ్బలు ఉత్తి మాత్ర వాళ్ళలో నూటికి 5.8 మందికి వచ్చాయి, గుళిక, ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ళలో 4.1 మందికి. దీన్నే "31 శాతం తగ్గింది" అని కూడా రాస్తారు. రెండూ నిజమే. కానీ మీకు ఎవరైనా శాతం చెబితే, "నూరుమందిలో ఎంతమందికండీ?" అని అడగండి. ఇక్కడ జవాబు సుమారు ఇద్దరు. ఊరంతటికీ ఇద్దరిద్దరు చొప్పున చూసుకుంటే అది చాలా పెద్ద విషయం.

ఇక్కడ ఉద్దానం నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు, మీ ముఖాలు చూస్తుంటే మీరేమనుకుంటున్నారో నాకు తెలుస్తోంది. కిడ్నీల జబ్బు కోసం కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు పల్లెల్లో ఎన్ని బృందాలు వచ్చాయో, ఎన్నిసార్లు రక్తం తీశారో, నీళ్ళు పట్టుకెళ్ళారో మా అమ్మా చూసింది. "మా రక్తం అట్టుకెళ్ళిపోయారు, ఏటి తేలిందో ఎవులూ సెప్పలేదు" అన్న మాట నేను ఓపీలో విన్నాను. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి గుండె జబ్బు కూడా ఎక్కువ, అంటే రేపు గుండె పరిశోధనకీ ముందు మీ గుమ్మంలోకే వస్తారు. మీకు కోపం ఉండడం న్యాయం. రక్తం ఇచ్చినవాడికి ఫలితం తెలుసుకునే హక్కు ఉంది, వాడి భాషలో, వాడి ఇంటికొచ్చి చెప్పించుకునే హక్కు ఉంది.

2009లో ఖమ్మం జిల్లా గిరిజన ఆడపిల్లల మీద జరిగిన టీకా అధ్యయనంలో తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు చాలా అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు, తర్వాత పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. ఆ తర్వాతే మన దేశంలో నియమాలు బిగిశాయి. 2019 నియమాల ప్రకారం కొత్త మందు ట్రయల్‌లో మీకు హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, ట్రయల్ వల్లే జరిగిందని తేలితే నష్టపరిహారం ఇవ్వాలి. మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయవచ్చు, మానేశారని మామూలు వైద్యం ఆపడానికి వీల్లేదు. 2009 నుంచి కొత్త మందు ట్రయల్ ఏదైనా మొదలయ్యే ముందే సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదవ్వాలి. మీ అబ్బాయికో, మనవరాలికో చెబితే ఫోన్లోనే వెతికి చూపిస్తారు.

పొద్దున్న నేను లోపలికి వస్తుంటే ఒక పెద్దాయన అడిగారు, "మీ నాన్ననైతే చేర్పిస్తారా మేడం?" అని. చేర్పించాను. నాన్న లారీ మానేశాక, షుగరూ బీపీ ఉన్నవాళ్ళని కొన్నేళ్ళు గమనించే ఒక అధ్యయనానికి పిలిచారు. ఆయనకి మందులు, సూదుల గురించి ఒక్క అనుమానమూ లేదు. ఆ కాగితాలు తెచ్చిన అమ్మాయిని ఒక్కటే అడిగాడు, "ఆకర్న ఏటి తేలిందో నాకు సెప్తారా అమ్మా?" అని. చెప్తాం పెద్దాయనా అంది. ఎక్కడ రాసుందో చూపించమన్నాడు. ఏడో పేజీలో ఉంది. నాచేత రెండుసార్లు చదివించుకుని అప్పుడు సంతకం పెట్టాడు.